పాప పుట్టాక నా ఆటలు

మా పాప పుట్టకముందు ఒక వీడియో ఆట కొనాలంటే నేను చూసుకున్నవి రెండే విషయాలు: కథ బాగుందా, తోడు ఆడేవాళ్లు ఎవరున్నారు. పాప పుట్టిన తరువాత అన్నిటికంటే ముందు చూసేది ఇంకొకటి అయింది: పిల్ల ఏడ్చిన క్షణాన ఉన్నది ఉన్నట్టు వదిలేసి లేవగలనా, మళ్లీ వచ్చినప్పుడు వదిలిన చోటనే అందుకోగలనా. ఆటలకు ఇచ్చే గంటలు తగ్గిన మాట నిజమే. అయితే గంటల లెక్క కంటే, ఏ ఆట నాకు పనికివస్తుందన్న లెక్క మారడమే పెద్ద సంగతి. అది ఒక్కసారిగా వచ్చిన మార్పు కాదు. పురిటి రోజుల నుంచి పాప బడికి పోయేదాకా అంచెలంచెలుగా వచ్చింది.

నేను కడపలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తాను. మా ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు. మా కాపురం ఎర్రముక్కపల్లెలో. నా పుట్టిల్లు ప్రొద్దుటూరు. 2003లో మా అన్న ఇంజనీరింగులో చేరినప్పుడు నాయన విడిభాగాలతో కూర్పించిన కంప్యూటరు ఒకటి కొనిచ్చాడు. అందులో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం ఉండేది. పనివాళ్లను పొలానికీ అడవికీ గనులకూ పంపి, ధాన్యం, కలప, బంగారం, రాయి కూడబెట్టి కోట కట్టే ఆ ఆట ముందు సెలవుల్లో అన్న కూర్చుంటే మిగిలిన రోజుల్లో నేను కూర్చునేదాన్ని. కరెంటు పోగానే యూపీఎస్ కూత మొదలుపెట్టేది; అది నిలిచే నాలుగైదు నిమిషాల్లో ఆటను సేవ్ చేసుకొని కంప్యూటరు ఆపేయాలి. ఆ ఆటను ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. అదే కంప్యూటరులో ఉన్న వైస్ సిటీని సేవ్ చేయాలంటే మాత్రం ఆటలోని ఇంటిదాకా వెళ్లి తీరాలి. ఆట తయారుచేసేవాళ్లు తీసుకునే ఇలాంటి చిన్న నిర్ణయం ఆడేవాళ్ల ఇంటి పరిస్థితితో ఎంతగా ముడిపడి ఉంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించే అవసరం తల్లినయ్యాకే వచ్చింది.

అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో చదివేటప్పుడు హాస్టల్లో నలుగురం డబ్బులు వేసుకొని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొన్నాం. మంచాల కింద కేబుళ్లు పరుచుకొని లాప్‌టాప్‌లలో ఆడేవాళ్లం. ఊళ్లోని నెట్ సెంటర్లలో కూర్చొని ఆడే వీలు అబ్బాయిలకే ఉండేది. మా ఆటంతా గది తలుపు వేసుకొని సాగింది. చదువు అయిపోయాక ఆ స్నేహితురాళ్లలో ఇద్దరు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్న, అన్న స్నేహితుడొకరు, నేను కలిసి 2013లో విడుదలైన డోటా టూ ఆడడం మొదలుపెట్టాం. శనివారం రాత్రి భోజనాలయ్యాక ఐదుగురం ఐదు ఊళ్లలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చునేవాళ్లం.

డోటా ఎరగనివారి కోసం ఆ ఆట నడిచే తీరును కాస్త చెప్పాలి, ఎందుకంటే తరువాతి సంగతంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఐదుగురు ఒక జట్టు, ఎదుటివైపు మరో ఐదుగురు. ఒక్క పందెం, అంటే ఒక మ్యాచ్, సుమారు నలభై నిమిషాలు పడుతుంది. గంట దాటినవీ ఉంటాయి. మధ్యలో ఒకరు లేచిపోతే మిగిలిన నలుగురు ఎదుటి ఐదుగురితో పోరాడవలసి వస్తుంది. అలా వదిలిపోయినవారిని ఆట గుర్తుపెట్టుకొని, తరువాత కొన్ని పందేలు తమలాంటివారితోనే ఆడేలా వేరే వరుసలో నిలబెడుతుంది. ఆటను మధ్యలో నిలిపి ఉంచే పాజ్ సదుపాయం ఉంది కానీ, కాసేపటికి ఎదుటి జట్టులో ఎవరైనా దాన్ని తీసేయవచ్చు. పదిమంది సమయానికి విలువ ఇవ్వాలంటే ఇలాంటి కట్టుబాటు ఉండవలసిందే, దాన్ని నేను తప్పుపట్టను. నా చేతిలో నా సమయం ఉన్నంతకాలం ఆ కట్టుబాటే నాకు ఇష్టంగా ఉండేది. పెళ్లయిన ఏడాది, 2016లో, నా జీతంతో, టీవీకి తగిలించి ఆడుకునే యంత్రం ప్లేస్టేషన్ ఫోర్ కొన్నాను. మా ఆయన రెండో షిఫ్టు ముగించుకొని వచ్చేదాకా విచర్ మూడో భాగం ఆడుకుంటూ ఉండేదాన్ని. ప్రధాన కథ ఒక్కటే యాభై గంటల దాకా పట్టే ఆట అది. అంత పొడవు ఉండడం అప్పట్లో నా దృష్టిలో ఒక సుగుణం.

పాప 2019 జూన్‌లో పుట్టింది. తొలికాన్పు కనుక ఆనవాయితీ ప్రకారం తొమ్మిదో నెలలో ప్రొద్దుటూరు వెళ్లాను, ఐదో నెల వచ్చాక కడపకు తిరిగివచ్చాను. ప్లేస్టేషన్ కడపలోనే ఉండిపోయింది. వెంట ఉన్నది ఫోను మాత్రమే. పురిటి గదిలో ఆటలేమిటని చదివేవారికి అనిపించవచ్చు. పుట్టిన బిడ్డకు రెండు మూడు గంటలకొకసారి పాలివ్వాలి, అర్ధరాత్రి అయినా తెల్లవారుజామైనా. పాలిచ్చాక తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకొని వీపు నిమరాలి. కుర్చీలో కూర్చొని పాలిస్తూ నిద్రలోకి జారుకోవద్దని, బిడ్డకు ప్రమాదమని ఆసుపత్రిలో నర్సు గట్టిగా చెప్పి పంపింది. నాకు మెలకువగా ఉండడానికి ఏదో ఒకటి కావాలి. వీడియోలు చూస్తే కళ్లు మూతలు పడేవి. కుడిచేత్తో ఏదైనా చేస్తూ ఉంటే మెలకువ నిలిచేది.

అప్పుడు నాకు తోడైన ఆట మాన్యుమెంట్ వ్యాలీ. 2014లో వచ్చిన ఆ ఆటలో పది అధ్యాయాలు ఉంటాయి. చూడడానికి సాధ్యమనిపించే, నిజానికి కట్టడానికి వీలుకాని భవనాలను వేలితో తిప్పి, ఒక చిన్న రాకుమారికి దారి ఏర్పరచాలి. ఫోనును నిలువుగా పట్టుకొని ఒక్క చేత్తో ఆడవచ్చు. గడియారం తరమదు, ప్రాణం పోవడం ఉండదు, శబ్దం తీసేసినా అడ్డు లేదు. వెలుతురు బాగా తగ్గించుకొని, తెరను పాప ముఖం వైపు తిప్పకుండా, ఒక మెట్ల వరుసను తిప్పి చూడడం, అది ఎదుటి గోడకు అతుక్కుందో లేదో గమనించడం, పాప పాలు తాగడం ఆపగానే ఫోను పక్కన పెట్టేయడం. మా అమ్మకు నిద్రాభంగమై లేచి వచ్చినప్పుడల్లా "ఏమ్మే, పాప పండుకుండాది గదా, ఆ సెల్లు పక్కన పెట్టి నువ్వు గూడా ఒక కునుకు తీయరాదా" అనేది. పాప నిద్రపోగానే నేనూ పడుకునేదాన్ని. పాప మేలుకొని ఉండగా నేను మేలుకొని ఉండడానికే ఆ ఆట అని అమ్మకు వివరంగా చెప్పాక, అరచేతిలో పట్టే చిన్న దిండు ఒకటి కుట్టి ఫోను చేతికి ఆనికగా ఇచ్చింది.

ఫోనులో మరికొన్ని ఆటలు కూడా చూశాను, చాలావాటిని వెంటనే తీసేశాను. ఉచితంగా దొరికే ఆటల్లో ఎక్కువభాగం రోజూ రమ్మంటాయి. ఈ రోజు తెరిస్తే ఇన్ని నాణేలు, వరుసగా వారం తెరిస్తే పెట్టె, ఒక్కరోజు తప్పితే వరుస మళ్లీ మొదటికి. డబ్బు కట్టి తీసుకొని, ఆడుతూ మెట్టు మెట్టుకూ బహుమతి అందుకునే బ్యాటిల్ పాస్ అయితే, ఆ సీజను, అంటే దాని గడువు, ముగిసేలోపు మెట్లన్నీ ఎక్కకపోతే కొనుక్కున్న బహుమతులే చేతికి రావు. ఇది బ్యాంకులో నేను పొద్దున్నే వేసే వేలిముద్ర హాజరు లాంటిది. జీతమిచ్చే చోట హాజరు అడగడం న్యాయం. నా తీరిక సమయంలోకి వచ్చి హాజరు అడిగే ఆటకు నా ఫోనులో చోటు లేదని అప్పుడే నిర్ణయించుకున్నాను. చిన్నపిల్లల తల్లిదండ్రులకు నేను ఇవ్వగలిగిన సలహా ఏదైనా ఉందంటే మొదటిది ఇదే. పొడవైన ఆట కంటే ఇలాంటి ఆట ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అది ఆడని సమయంలో కూడా మనసును లాగుతూనే ఉంటుంది.

కడపకు తిరిగివచ్చిన కొద్దిరోజులకు ఆరు నెలల ప్రసూతి సెలవు ముగిసింది. పాపను చూసుకోవడానికి అత్త వచ్చి మా దగ్గర ఉన్నారు. ఒక శనివారం రాత్రి, పాప నిద్రపోయిందన్న ధైర్యంతో పాత జట్టుతో డోటాకు కూర్చున్నాను. పందెం సగంలో పాప లేచింది. ఆ రాత్రే అన్నకు ఫోను చేసి, నా స్థానంలో మరొకరిని చూసుకోమని చెప్పాను. అన్న "నువ్వు లేకుంటే మేము నలుగురమే ఆడతాంలే, తీరినప్పుడు రా" అన్నాడు. తీరినప్పుడు రావడమన్నది ఆ ఆటలో కుదరదని ఇద్దరికీ తెలుసు. ఎవరి మాటకో తలవంచి మానిన ఆట కాదు అది. నలుగురు నన్ను నమ్ముకొని కూర్చున్నప్పుడు సగంలో లేవవలసి వచ్చే స్థితిలో ఉండి కూర్చోకూడదని అనుకున్నాను.

ఆట పోయినందుకు నాకు కష్టమనిపించలేదు. ఆ శనివారాల మాటలు పోయినందుకు అనిపించింది. ఆట మధ్యలో మా వదిన సంగతులు, అన్న ఆఫీసు సంగతులు, స్నేహితురాళ్ల పెళ్లి సంబంధాల సంగతులు అన్నీ దొర్లేవి. ఫోను చేసి ఊరికే మాట్లాడుకోవడం వేరు, చేతులు ఒక పనిలో ఉండగా నోటికొచ్చింది మాట్లాడుకోవడం వేరు. రెండోది అన్నాచెల్లెళ్లకు పెద్దయ్యాక దొరకడం చాలా అరుదు. కొన్ని నెలలు మా మధ్య మాటలు బాగా తగ్గిపోయాయి. తరువాత అన్నే ఒక దారి కనిపెట్టాడు: ఇంటర్నెట్‌లో చదరంగం, ఒక్కో ఎత్తుకు మూడు రోజుల గడువు. నేను బ్యాంకులో మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక ఎత్తు వేస్తాను, అన్న రాత్రి వేస్తాడు. ఒక్కో ఆట నెలల తరబడి నడుస్తుంది. ఎత్తు వేసినప్పుడు ఒక వాక్యం కూడా రాసుకుంటాం. పాప మొదటి అడుగు వేసిన కబురు అన్నకు అలాగే చేరింది.

2020లో లాక్‌డౌన్ కాలంలో లోకమంతా ఆటలు ఆడిందంటారు. మా ఇంట్లో ఆ నెలల్లో ప్లేస్టేషన్ మీద దుమ్ము తుడిచింది కూడా లేదు. బ్యాంకులు మూయలేదు. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 500 రూపాయల చొప్పున ప్రభుత్వం జమచేసినప్పుడు మా శాఖ ముందు ఎండలో బారులు నిలిచాయి. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు నానబెట్టి, పాపను ఎత్తుకునేసరికి మిగిలే శక్తి నిద్రకే సరిపోయేది.

ప్లేస్టేషన్ ఆడడానికి చేత పట్టుకునే కంట్రోలరును మళ్లీ పట్టింది పాపకు రెండేళ్లు నిండాకనే. అప్పటికి రాత్రి నిద్ర కుదురుకుంది. తొమ్మిదిన్నరకు పడుకుంటే మధ్యలో ఒకసారి లేచేది. మా ఆయనా నేనూ కూర్చొని షిఫ్టు చార్టు ముందు పెట్టుకొని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన పగటి షిఫ్టులో ఉన్న వారం, పాప పడుకున్నాక ఒక రాత్రి ఆయన తడవ, మరుసటి రాత్రి నా తడవ. ఎవరి తడవ అయితే వాళ్లు తమకిష్టమైనది చేసుకోవచ్చు. ఆయనైతే ఫుట్‌బాల్ ఆట ఆడతాడు, లేదా క్రికెట్ చూస్తాడు. పాప లేస్తే రెండోవారు చూసుకోవాలి, తడవలో ఉన్నవారిని పిలవకూడదు. రాత్రి షిఫ్టు వారంలో మాత్రం అంతా నాదే కనుక పాజ్ లేని ఆట ముట్టను. మార్చి నెలాఖరున బ్యాంకు లెక్కలు మూసేటప్పుడు అసలు ఆడను. పదకొండున్నరకు ఏ ఆటైనా ఆగిపోవాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకున్న నియమాలేమీ కావు కానీ, నోటితో స్పష్టంగా అనుకున్నాం. స్పష్టంగా అనుకోవడం చాలా అవసరం. భార్యాభర్తల్లో ఒకరికి ఆట మీద ఇష్టం ఉండి, దానికి వేళ ఏర్పాటు కాకపోతే, ఆడేవారికి దొంగతనంగానూ రెండోవారికి అన్యాయంగానూ అనిపిస్తుంది. "ఈ పొద్దు నీ తడవ, పో" అని ఆయన అన్న రాత్రి గంటసేపు ఆడిన ఆట, పెళ్లికి ముందు రాత్రంతా మేలుకొని ఆడినదాని కంటే తృప్తిగా ఉంటుంది.

ఆ గంటను కాపాడుకోవడానికి ఒక యంత్రం పని కూడా చేయవలసి వచ్చింది. ప్లేస్టేషన్ ఫోర్‌లో రెస్ట్ మోడ్ అని ఒకటుంది. ఆటను మూయకుండానే యంత్రాన్ని నిద్రపుచ్చవచ్చు. తిరిగి మేల్కొలిపితే కత్తి ఎత్తిన మనిషి ఎత్తినట్టే నిలబడి ఉంటాడు, మెనూలూ లోడింగులూ లేకుండా క్షణాల్లో అందుకోవచ్చు. గంట మాత్రమే చేతిలో ఉన్నవారికి ఇంతకంటే గొప్ప సదుపాయం లేదు. అయితే యంత్రానికి ఆ నిద్రలో కూడా కొద్దిగా కరెంటు కావాలి. వేసవిలో మా వీధిలో మధ్యాహ్నం ఒకసారైనా కరెంటు పోతుంది. పోతే ఆట మూసుకుపోతుంది. మన ఇళ్లలో ఇన్వర్టరు లైను లైట్లకూ ఫ్యాన్లకే ఉంటుంది, టీవీ దగ్గరి ప్లగ్గుకు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ ప్లగ్గును ఇన్వర్టరు లైనులోకి మార్పించాను. అయినా కరెంటు పోయినప్పుడు యంత్రం ఆగిపోతూనే ఉంది. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టరు వెనుక ఉన్న చిన్న మీటను చూపించాడు: మామూలు పద్ధతిలో ఉంటే బ్యాటరీకి మారడానికి కొంచెం వ్యవధి పడుతుంది, ఫ్యాన్లకు అది తెలియదు, కంప్యూటర్ల లాంటివి ఆ వ్యవధిలో ఆగిపోతాయి, యూపీఎస్ వైపు మారిస్తే ఆ వ్యవధి దాదాపు ఉండదు. మీట మార్చాక సమస్య తీరింది. రెస్ట్ మోడ్‌లో యంత్రం తీసుకునేది పది వాట్లలోపే కాబట్టి బ్యాటరీ మీద భారమూ లేదు. ఆడుతుండగా కరెంటు పోతే మాత్రం ఆపేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో ఆ బ్యాటరీ పాప గదిలోని ఫ్యాన్‌కు ఉండాలి.

విచర్‌ను తిరిగి తెరిచినప్పుడు కథ సగం మరిచిపోయి ఉన్నాను. ఆ ఆటలో ఒక మంచి ఏర్పాటు ఉంది: తెరిచిన ప్రతిసారీ లోడయ్యేలోపు, ఇంతవరకు జరిగిన కథను బొమ్మలతో, ఒక గొంతుతో గుర్తుచేస్తుంది. కథ అలా గుర్తుకొచ్చింది కానీ, వేళ్లు మరిచిపోయినదాన్ని ఏ గొంతూ గుర్తుచేయలేదు. ఏ బటన్ తప్పుకోవడానికో, ఏది మంత్రానికో తడుముకోవలసి వచ్చింది. అందుకని కఠినత్వాన్ని అన్నిటికంటే తేలిక స్థాయికి, కథ కోసమే ఆడేవారికి ఉద్దేశించిన స్థాయికి దించాను. హాస్టల్లో ఉన్నప్పుడు అలా దించడం పరువు తక్కువ అనుకునేవాళ్లం. ఈ వయసులో నాకున్న వారానికి మూడు నాలుగు గంటలను ఒకే రాక్షసి చేతిలో పదే పదే చావడానికి ఖర్చుపెట్టడం కంటే, ఆ కథలో తన పెంపుడు కూతురిని వెతుక్కుంటూ తిరిగే మనిషి ఎక్కడిదాకా వెళ్లాడో తెలుసుకోవడం నాకు ముఖ్యం. పాప పుట్టకముందు ఆ వెతుకులాట నాకు కథకు ఒక కారణంగా మాత్రమే కనిపించింది. ఈసారి దాన్ని నేను చదివిన తీరే వేరు.

ఇలాంటి వెసులుబాటు ఇచ్చే ఆటలు ఈ మధ్య పెరిగాయి, దానికి వాటి తయారీదారులకు నేను మనసారా రుణపడి ఉన్నాను. 2020లో వచ్చిన హేడిస్‌లో గాడ్ మోడ్ పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, ఓడిన ప్రతిసారీ మరో 2 శాతం చొప్పున తగ్గుతూ 80 శాతం దాకా వెళుతుంది. ఆట స్వభావం చెడదు, కానీ తీరిక లేనివారు కూడా చివరిదాకా చేరగలరు. ఒక ప్రయాణం అరగంటలో ముగుస్తుంది, గదికీ గదికీ మధ్య ఆపి వెళ్లిపోవచ్చు. స్లే ద స్పైర్ అయితే కార్డులు వేస్తూ శత్రువును ఎదుర్కొనే ఆట. మన వంతు వచ్చినప్పుడు మనం ఆలోచించినంతసేపు శత్రువు అలాగే నిలబడి ఉంటాడు. మధ్యలో లేచి పాలు కాచి వచ్చినా ఏమీ కాదు. దీనికి భిన్నంగా 2022లో ఎంతో పేరు తెచ్చుకున్న ఎల్డెన్ రింగ్‌లో మామూలుగా పాజ్ లేదు. వేరే ఆటగాళ్లు మన లోకంలోకి వచ్చే ఆట కనుక అలా పెట్టారని చెబుతారు. ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు ఆ వాదన సమంజసమే. ఒంటరిగా, ఇంటర్నెట్ తీసేసి ఆడుకునేవారికి కూడా పాజ్ ఇవ్వకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవారు, మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకునేవారు, రాత్రి షిఫ్టులో ఫోను వస్తే పరుగెత్తవలసినవారు ఆడకూడదని తలుపు మూసినట్టే అవుతుంది.

అత్త మాత్రం ఈ వ్యవహారాన్ని ఇప్పటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. "పిల్లతల్లివి, ఈ ఆటలేంది మ్మా నీకు" అని మొదట్లో అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చిందని పేపర్లో చదివి నాకు చూపించారు. ఆ మాట నిజమే. 2019 మేలో ఆమోదం పొందిన ఆ జాబితా 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అయితే అది జబ్బు అన్నది ఆటను కాదు: ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు కొనసాగడం. అత్తకు ఇది చదివి వినిపించాను. అత్త భయంలో ఇంకొకటి కూడా కలిసి ఉంది: ఆట అంటే మా వైపు చాలామందికి పేకాటే గుర్తొస్తుంది. ఆన్‌లైన్ రమ్మీలో ఇల్లు గుల్ల చేసుకున్నవారిని బ్యాంకులో నేనే చూశాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే దాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌నూ వినోదం కోసం ఆడేవాటినీ వేరుగా చూసింది. ఈ తేడా ఇంటి పెద్దలకు ఓపికగా వివరించడం మన బాధ్యత. ఇక తల్లి ఆడడమేమిటన్న ప్రశ్నకు వస్తే, మా ఆయన క్రికెట్ మ్యాచ్ మొత్తం చూసినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న నన్ను గంట ఆటకు అడగడం సరికాదని అత్తతో మర్యాదగానే, గట్టిగానే చెప్పాను. అప్పటినుంచి అత్త ఆ ప్రశ్న వేయడం మానేశారు.

పాప విషయంలో మాత్రం మేము మొదటినుంచి కఠినంగానే ఉన్నాం. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించకపోవడమే మంచిది. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. అన్నం తినిపించడానికి ఫోను చూపించే అలవాటు మా ఇంట్లోకి రానివ్వలేదు. నేను ఆడేది ఆమె నిద్రపోయాకే కాబట్టి, టీవీ కింద ఉన్న నల్లపెట్టె ఎందుకో చాలాకాలం ఆమెకు తెలియదు. ఐదేళ్లు నిండాక, అప్పటికే కొనుక్కున్న ప్లేస్టేషన్ ఫైవ్‌తోపాటు వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌ను మొదటిసారి ఆమె చేతికిచ్చాను. కంట్రోలరు ఆమె చేతులకు పెద్దది. ఒడిలో పెట్టుకొని రెండు బొటనవేళ్లనూ చాచి పట్టుకుంది. అందులో ఒకచోట గాలిమరను తిప్పడానికి కంట్రోలరు మైకులోకి నిజంగానే ఊదాలి. బుగ్గలు పూరించి ఊది, తెరమీద మర తిరిగేసరికి నా వైపు తిరిగి చూసి, మళ్లీ ఊదింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి అన్‌రావెల్ టూ ఆడుతున్నాం. నూలుతో చేసిన రెండు చిన్న బొమ్మలు ఒకే దారంతో ముడిపడి ఉంటాయి. ఒకటి పైకెక్కి దారం వదిలితే రెండోది పట్టుకొని ఎక్కాలి. కష్టమైన చోట ఒక బొమ్మ రెండోదాన్ని తనలో కలుపుకొని మోసుకుపోగలదు. వాగు దాటవలసిన చోట పాప రెండుసార్లు ప్రయత్నించి "అమ్మా, నన్నెత్తుకో" అంటుంది. దాటించాక దింపమంటుంది. ఈ మధ్య ఎత్తుకోమని అడగడం తగ్గింది. నేను ఎత్తుకోబోతే "నేనే దూకుతా, నువ్వు దారం పట్టుకో" అంటోంది.

ఆపే వేళ విషయంలో ఆటలు ఆడే తల్లికి ఒక సౌలభ్యం ఉంది. ఏ ఆటలో ఎక్కడ సేవ్ అవుతుందో నాకు తెలుసు. గడియారం చూసి టీవీ కట్టేస్తే, అంతవరకు పడ్డ శ్రమ పోయిందని పిల్ల ఏడుస్తుంది. ఆ ఏడుపును మొండితనం అనుకోవడం పొరపాటు. "ఆ చెట్టు దాటాక దీపం వెలుగుతుంది చూడు, అక్కడ ఆపేద్దాం" అని ముందే చెబితే, దీపం వెలగగానే తానే కంట్రోలరు ఇచ్చేస్తుంది. దీనితోపాటు ప్లేస్టేషన్‌లో పాప పేరున పిల్లల ఖాతా తెరిచి, వయసుకు తగని ఆటలు తెరుచుకోకుండా, రోజుకు ఇంతసేపే అని, డబ్బు ఖర్చు సున్నా అని పెట్టాను. ఈ చివరిది తప్పనిసరి. ఖాతాలోంచి చిన్న చిన్న మొత్తాలు పదే పదే పోయాయని పాస్‌బుక్కు పట్టుకొని మా కౌంటరు దగ్గరికి వచ్చే తండ్రులు తరచూ కనిపిస్తారు. స్టేట్‌మెంటు తీసి చూస్తే ఎక్కువసార్లు తేలేది ఫోనులో పిల్లవాడు ఆటలో కొన్న వస్తువులే. తండ్రి ఫోనులోనే, తండ్రికి తెలిసిన పిన్నుతోనే జరిగిన చెల్లింపును వెనక్కు రప్పించడం చాలా కష్టం. ఫోను పిల్లవాడి చేతికి ఇచ్చే ముందు కొనుగోలుకు పాస్‌వర్డ్ పెట్టడం రెండు నిమిషాల పని.

ఈ ఏడాది పాప రెండో తరగతికి వచ్చింది. బడిలో తోటిపిల్లలు ఆన్‌లైన్‌లో గుంపుగా ఆడే ఆటల పేర్లు ఇంటికి తెస్తోంది, తనకూ కావాలంటోంది. ముక్కూముఖం తెలియనివారు మాట్లాడడానికి వీలుండే ఆట ఏదీ ఇంకా మా ఇంట్లోకి రాలేదు. పూర్తిగా వద్దంటే పక్కింట్లో ఆడుతుంది, ఒప్పుకుంటే నేను పక్కన కూర్చోవాలి. మా ఆయన వచ్చే సెలవులదాకా ఆగుదామంటున్నాడు. నేను ముందు ఆ ఆటలను పాప లేని వేళ నా తడవలో ఒక్కొక్కటిగా ఆడి చూస్తున్నాను: మాటలు వినిపించకుండా చేయవచ్చా, తెలిసినవారితో మాత్రమే ఆడేలా కట్టడి పెట్టవచ్చా, మధ్యలో లేచిపోతే ఏమవుతుంది. చూసినవాటిలో ఒకటి మూడింటికీ సరిపోయింది. దాన్ని సంక్రాంతి సెలవుల్లో, మా అన్న కొడుకు ప్రొద్దుటూరు వచ్చినప్పుడు, పిల్లలిద్దరికీ కలిపి ఇవ్వాలని అనుకుంటున్నాం.